సహకార సంఘాలతో సమాజం మారుతుందా? ముందు ఒక అప్పు అడిగి చూడండి

ప్రశ్న: సహకార సంఘాలు, సంఘీభావ ఆర్థిక వ్యవస్థ (లాభం కన్నా ఒకరికొకరు తోడుండటం ముఖ్యమనే పద్ధతి) లాంటివి నిజంగా సామాజిక మార్పు తెస్తాయా, లేక చదువుకున్నవాళ్ళ కలలేనా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

తెస్తాయి. అయితే మీరు ఊహిస్తున్న మార్పు అదేనా అంటే అనుమానమే. ఆదాయం ఎంత పెరిగింది, ఎన్ని కుటుంబాలు బాగుపడ్డాయి అనే లెక్కలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, అవి వాళ్ళనే అడగండి. నేను చూసింది ఇంకొకటి. ఊళ్ళో ఎవరు ఎవరిని నిలబెట్టి ప్రశ్న వేయొచ్చు అనేది మారుతుంది. అది మారకపోతే సంఘం కోట్ల వ్యాపారం చేసినా నా దృష్టిలో అది ఇంకో దుకాణం.

మాది పాత కరీంనగర్ జిల్లా. బావుల కింద సేద్యం, కాలం కాకపోతే బొంబాయి లేదా దుబాయి. 1990ల్లో మా వైపూ వరంగల్ వైపూ చాలా ఊళ్ళలో మహిళా పొదుపు సంఘాలు వచ్చాయి. హైదరాబాద్‌లోని సహవికాస సంస్థ వాళ్ళు ఊరూరా తిరిగి పెట్టించినవి వీటిలో ఎక్కువ. డ్వాక్రా గ్రూపులతో వీటిని కలపకండి. డ్వాక్రాలో పది పదిహేను మంది ఉంటారు. ఇక్కడ ఊరంతటికీ ఒకటే సంఘం, వందల మంది సభ్యులు, జీతం తీసుకునే ఒక గుమస్తా. మా ఊరి సంఘంలో నెలకు పది రూపాయలతో మొదలై ఇరవై అయింది. పొదుపుకు మూడింతల దాకా అప్పు. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ.

నూటికి రెండు అనగానే మా బావమరిది ఇప్పటికీ ఎగిరిపడతాడు, అది వడ్డీ వ్యాపారమే కదా అని. బయట మూడు నుంచి ఐదు నడిచే రోజులవి. పైగా ఆ రెండు రూపాయలు పోయేది ఎవరి జేబులోకి? ఏడాది చివర ఖర్చులు పోగా మిగిలింది బోనస్ కింద మళ్ళీ వాళ్ళ పాస్‌బుక్కుల్లోనే పడేది. మా అమ్మకు ఇది అర్థం కావడానికి ఒక్క మహాసభ చాలింది. బావమరిదికి ఇంకా కాలేదు, బీకాం చదివాడు మరి.

1999లో నేను షార్జా పోదామనుకున్నాను. ఏజెంటు జగిత్యాలలో ఉండేవాడు, అరవై వేలు అడిగాడు. ఇంట్లో ఉన్నది, చెల్లెలి పెళ్ళికని దాచింది, మేనమామ ఇస్తానన్నది కలిపినా సగం కూడా కాలేదు. "మన సంఘంల అడుగుదాం, పది వేలన్న ఇస్తరు" అంది అమ్మ. ఆమె సంఘంలో ఒక గ్రూపుకు లీడరు కూడా. లీడరు కొడుక్కి కాదంటారా అని నా ధీమా.

ప్రతి నెలా ఒకే తారీఖున బడి అరుగు మీద మీటింగు జరిగేది. మగవాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు, అవతల వేపచెట్టు కింద నిలబడాలి. గుమస్తా ఇంటర్ పాసైన అమ్మాయి. ఒక్కొక్క అప్పు దరఖాస్తు పైకి చదివేది: పేరు, పొదుపు ఎంత, పాత బాకీ ఉందా, ఎందుకు కావాలి, జమానతు ఎవరు. గుసగుసలుండవు, అన్నీ అందరికీ వినపడేలా. ఎవరి భర్త తాగి అప్పు చేశాడో, ఎవరి కోడలికి పురిటి ఖర్చో అంతా అక్కడే బయటపడేది. పట్నంలో చదువుకున్నవాళ్ళు దీన్ని ప్రైవసీ లేకపోవడం అంటారేమో. నేనైతే బ్యాంకు మేనేజరు గదిలో మూసిన తలుపు వెనక జరిగే మాటల కన్నా ఇదే మేలంటాను.

అమ్మ పేరు వచ్చింది. పొదుపు పదిహేడు వందల చిల్లర, అడిగింది పది వేలు. మూడింతలు లెక్కేస్తే ఐదు వేల పైచిలుకే వస్తుంది. "కొడుకు దేశం పోతున్నడట" అని ఎవరో అన్నారు. "పోయేటోణ్ణి పిలువుండ్రి, మేము అడుగుతం" అని ఇంకొకామె అంది. ఆమె ఎవరో చెప్పాలి. ఏటా మా పొలంలో నాట్లకూ కలుపుకూ వచ్చే కూలీల ముఠాకు ఆమే పెద్ద. మాదిగ వాడ. మా ఇంటికొస్తే వాకిట్లో నిలబడే మాట్లాడేది, నన్ను పటేలా అని పిలిచేది.

నన్ను అరుగు అంచున నిలబెట్టారు. ఎదురుగా నూట యాభై మంది ఆడవాళ్ళు.

"ఏజెంటుది ఏ ఊరు పటేలా?"

చెప్పాను.

"ఆయన ఇంతకుముందట ఎవలెవల్ని తోలిండు? మన దిక్కోళ్ళు ఎవలన్న పోయిండ్రా?"

ఒకరిద్దరి పేర్లు చెప్పాను. వాళ్ళలో ఒకడి తల్లి అక్కడే కూర్చుని ఉంది. "పోయిండు గని, ఇక్కడ చెప్పిన జీతం అక్కడ లేదు" అంది ఆమె. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఏజెంటు ఎందుకు చెప్తాడు?

"వీజా కాయితం చేతికొచ్చిందా?"

"జిరాక్స్ ఇచ్చిండు."

"దాంట్ల జీతం ఎంతని రాసి ఉన్నది?"

గుమస్తా అమ్మాయి జిరాక్స్ తీసుకుని చదవబోయింది. సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. అంకెలు మాత్రం చదివింది. నేను ఇంట్లో చెప్పినదానికీ దానికీ తేడా ఉంది.

"సరే, పోయినవ్. ఆర్నెల్లు పైసలు పంపలే. అప్పుడు మీ అమ్మ కిస్తు ఎట్ల కడ్తది?"

"బర్రె ఉన్నది గదా" అంది అమ్మ వెనకనుంచి.

"బర్రె వట్టిపోతే?"

ఆడవాళ్ళు నవ్వారు, అమ్మ కూడా నవ్వింది. నాకు మాత్రం చెమటలు పట్టాయి. పోలీస్ స్టేషన్‌లో కూడా ఎవరూ నన్ను అన్ని ప్రశ్నలు అడగలేదు. తర్వాత పదేళ్ళ గల్ఫ్‌లో ఏ ఇంటర్వ్యూలోనూ అడగలేదు.

పది వేలకు అధ్యక్షురాలు కొంచెం మెత్తబడింది. లీడరు కదా, ఈ ఒక్కసారికి ఇద్దామా అన్నట్టు అందరి మొహాలూ చూసింది. నాట్ల ముఠా పెద్దామె ఒప్పుకోలేదు. "పోయిన నెల నా బిడ్డ దవఖానకు నాలుగు వేలడిగితే మూడింతలే అన్నరు. గప్పుడు లేని రూలు గిప్పుడు ఎక్కడికెళ్ళొస్తది?" అంది. అంతే. ఐదు వేల మీద రూపాయి పెరగలేదు. ఇద్దరు జమానతు సంతకం పెట్టారు, వాళ్ళలో ఒకామె వేలిముద్ర.

మిగతా డబ్బు కోసం మండలంలో ఒక ఫైనాన్స్ వ్యాపారి దగ్గరికి వెళ్ళాం. ఏసీ లేదుగానీ సోఫా ఉంది, టీ ఇచ్చాడు. ఏజెంటు ఎవరని అడగలేదు, వీజా చూడలేదు, బర్రె గురించి అసలే అడగలేదు. నాన్నతో ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టించుకున్నాడు, పొలం పాస్‌బుక్కు బీరువాలో పెట్టుకున్నాడు, నూటికి మూడు అన్నాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది, ఎంత గౌరవంగా చూశాడో అనుకుంటూ బయటికి వచ్చాం. ఆ అప్పు తీరాక కూడా నోటు తిరిగివ్వడానికి ఆయన నాన్నను నెలల తరబడి తిప్పుకున్నాడు. సంఘం అప్పు బర్రె పాలతోనే ముందు తీరిపోయింది, అమ్మ పాస్‌బుక్కులో ఆ ఏడు బోనస్ కూడా పడింది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఆ అరుగు మీద జరిగింది మార్పేనా? నా లెక్కలో అంతకన్నా పెద్ద మార్పు లేదు. మా పొలంలో కూలి చేసే మనిషి మా ఇంటి లెక్క అడిగింది, మేము జవాబు చెప్పుకున్నాం, ఆమె మాటే నెగ్గింది. ఎందుకు నెగ్గింది? ఆ పెట్టెలో ఆమె ఇరవై రూపాయలూ ఉన్నాయి కాబట్టి. ఎవరి దయా కాదు. చట్టం కూడా ఆ మాటే అంటుంది: వాటా ఎంతైనా సభ్యురాలికి ఒక్కటే ఓటు.

అలా అని కులం పోయిందనుకోకండి. తర్వాతి వానాకాలం ఆమె నాట్లకు వచ్చినప్పుడు మా వాకిట్లో కిందే కూర్చుని అన్నం తింది, విడిగా పెట్టిన పళ్ళెంలో. అరుగు మీది హక్కు అరుగు దిగగానే ఆగిపోయింది. సహకార సంఘంతో కుల నిర్మూలన అయిపోతుందని సెమినార్లలో చెప్పేవాళ్ళను ఒక్కరోజు మా ఊళ్ళో అన్నానికి ఉండమనండి. కాకపోతే నెలకో రోజైనా ఆమె ప్రశ్న అడిగే మనిషి, మేము జవాబు చెప్పాల్సిన మనుషులం. మిగతా ఏ చోటా అదీ లేదు. గ్రామసభలో లేదు, గుడిలో అసలే లేదు.

ఇక మా నాన్న 'సొసైటీ' గురించి చెప్పాలి, లేకపోతే సహకారం అంటే అంతా బంగారమే అనుకుంటారు. ఎరువుల కోసం చెప్పులు లైన్లో పెట్టి నిలబడే సింగిల్ విండో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అప్పు, ఎరువు, విత్తనం అన్నీ ఊళ్ళో ఒకే సహకార సంఘంలో దొరకాలని ఉమ్మడి రాష్ట్రంలో 1987లో ఈ ఏకగవాక్ష విధానం తెచ్చారు. మా నాన్న దాంట్లో ఇరవై ఏళ్ళకు పైగా సభ్యుడు. తన పేరు మీద వాటా ధనం ఉందని ఆయనకు తెలియదు. అప్పు ఇచ్చినప్పుడల్లా అందులోంచి కోసుకుని వాటా కింద రాసుకునేవాళ్ళు. అప్పు కూడా కాగితం మీదే తిరిగేది: పాత బాకీ కట్టినట్టు ఒక సంతకం, కొత్త అప్పు తీసుకున్నట్టు ఇంకో సంతకం, చేతికి వచ్చేది తేడా చిల్లర. ఎన్నికల్లో మందు, బిర్యానీ. గెలిచినాయన మా మండలంలో ఒక పార్టీ నాయకుడు. ప్రభుత్వం మారితే పాలకవర్గం రద్దయి, దాని బదులు సర్కారు పెట్టిన పర్సన్ ఇన్‌ఛార్జి వచ్చేవాడు. నాన్న ఎప్పుడైనా లేచి లెక్క అడిగాడా? అడగాలని కూడా ఆయనకు తోచలేదు, అది సర్కారు ఆఫీసు అనుకున్నాడు. నిజానికి అంతే కదా. కరణం కచేరీకీ దానికీ బోర్డు మీద పేరొక్కటే తేడా.

దీనికి మూలం పాతదే. 1904లో బ్రిటిష్ వాళ్ళు సహకార పరపతి సంఘాల చట్టం చేసినప్పుడే రిజిస్ట్రారు అనే అధికారిని నెత్తిన కూర్చోబెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక మనవాళ్ళు ఆయన్ని దించలేదు, ఇంకో రెండు కుర్చీలు వేశారు. ప్రభుత్వ వాటా ధనం వచ్చింది, దాంతో ప్రభుత్వ నామినీలు వచ్చారు. మన రాష్ట్ర సహకార సంఘాల చట్టం 1964లో వచ్చింది, దాని కింద బోర్డును, అంటే పాలకవర్గాన్ని, రద్దు చేసే అధికారం రిజిస్ట్రారుది. డబ్బు పెట్టినవాడే లెక్క అడుగుతాడు. సర్కారు డబ్బు పెడితే సర్కారే అడుగుతుంది, సర్కారు ఎప్పుడు అడుగుతుందో మనకు తెలిసిందే, ఎన్నికల ముందు.

1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది, మాక్స్ చట్టం అంటారు. దేశంలో ఇలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే, ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో నాకైతే ఎక్కడా కనపడలేదు. ప్రభుత్వ వాటా ధనం ఉండకూడదు, బోర్డును రిజిస్ట్రారు రద్దు చేయలేడు, మంచికైనా చెడ్డకైనా సభ్యులే బాధ్యులు. నచ్చనివాళ్ళకు నచ్చలేదు. 2006లో మాక్స్ కింద ఉన్న డెయిరీలను మళ్ళీ పాత 1964 చట్టంలోకి లాగుతూ రాష్ట్ర ప్రభుత్వం సవరణ చేసింది. హైకోర్టు కొట్టేసింది, 2011లో సుప్రీంకోర్టు కూడా అదే సరైనదంది. ఐదేళ్ళు కోర్టుల చుట్టూ తిరగడానికి పాలు పోసేవాళ్ళకు తీరిక ఉంటుందా అని ఎవరూ అడగలేదు. అటువైపు తప్పు లేదనీ అనను. ఈ స్వేచ్ఛను వాడుకుని జిల్లా డెయిరీలను ఇంటి ఆస్తి చేసుకున్న పెద్దమనుషులూ ఉన్నారు. కంచే చేను మేసే జబ్బుకు చట్టంలో మందు లేదు, మహాసభలో ఉంది.

మా పాత కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరు పేరు వినే ఉంటారు. 1956లో ఎ.కె. విశ్వనాథ రెడ్డి గారు మొదలుపెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం. పద్నాలుగు ఊళ్ళ రైతులది. అప్పు, ఎరువు, విత్తన వడ్ల ప్రాసెసింగ్, రైస్ మిల్లు, పత్తి జిన్నింగ్ అన్నీ వాళ్ళవే. స్పెయిన్‌లో పనివాళ్ళే యజమానులుగా ఉండే మోండ్రాగన్ అనే సహకార సంస్థల గుంపు మొదటి కర్మాగారం పెట్టింది కూడా అదే 1956లో. మన మేధావులకు మోండ్రాగన్ కంఠతా వచ్చు, ముల్కనూరుకు మాత్రం బస్సెక్కరు. ఆ మోండ్రాగన్‌లోనే ఫాగోర్ అనే పెద్ద ఫ్రిజ్‌ల కంపెనీ 2013లో దివాలా తీసిందని కూడా చెప్పరు. ముల్కనూరు చుట్టుపక్కల ఆడవాళ్ళు 2002లో సొంత పాల డెయిరీ మొదలుపెట్టారు, స్వకృషి పేరుతో పాలు అమ్ముతారు. సభ్యులందరూ ఆడవాళ్ళే. ఇదేమీ గాలిలోంచి ఊడిపడలేదు. అంతకుముందు ఏళ్ళ తరబడి పొదుపు సంఘాల అరుగుల మీద కూర్చుని అప్పులు ఇచ్చి, వసూలు చేసి, పోట్లాడి లెక్కలు నేర్చిన ఆడవాళ్ళు అప్పటికే ఉన్నారు. పాలకేంద్రంలో వెన్న శాతం తప్పు రాస్తే ఊరుకునే రకం కాదు.

డ్వాక్రా గురించి కూడా ఒక మాట, తిట్టుకుంటే తిట్టుకోండి. నెల్లూరు జిల్లాలో 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాల మీదికి వెళ్ళారు, మరుసటి ఏడు సారా నిషేధం వచ్చింది, ఆ ఊపులోనే పొదుపు ఉద్యమమూ పెరిగింది. అంత గొప్ప మొదలు. తర్వాత ఏమైంది? పావలా వడ్డీ, వడ్డీ లేని రుణం, పసుపు కుంకుమ. ఒక్కో ప్రభుత్వం ఒక్కో పేరుతో డబ్బు పోసింది. డబ్బు రాలేదని నేను అనను, మా వదినకు వచ్చింది, ఆమె ఇంటి పైకప్పు దాంతోనే వేసింది. కానీ ముఖ్యమంత్రి మీటింగు ఉంటే బస్సు ఎక్కాల్సిందీ ఆమే. రాకపోతే వచ్చే లోనుకు సంతకం పెట్టరని గ్రూపులో చెప్పారట. తన డబ్బు మీద నిలబడ్డ సంఘాన్ని ఎవడూ అలా బస్సెక్కించలేడు. మా అమ్మ సంఘాన్ని ఒకసారి అడిగారు. ఆ రోజు పొదుపు తారీఖు, కుదరదన్నారు.

ఆడవాళ్ళకే ఇది ఎందుకు కుదురుతుందంటే నా దగ్గర రుజువేమీ లేదు, గట్టి నమ్మకం మాత్రం ఉంది: మగవాళ్ళకు నలుగురిలో నిలబడి "నాకు అప్పు కావాలి" అనడం చిన్నతనం. ఖాళీ నోటు మీద సంతకం పెట్టడానికి మాత్రం సిగ్గుండదు. ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఉంటున్న అపార్ట్‌మెంటు సంఘం కూడా మాక్స్ చట్టం కిందే రిజిస్టరైంది. అరవై ఫ్లాట్లు, అందరూ చదువుకున్నవాళ్ళు, సగం మంది సాఫ్ట్‌వేర్. సర్వసభ్య సమావేశానికి కోరం నిండదు. వాట్సాప్‌లో మాత్రం లిఫ్టు గురించి అర్ధరాత్రి దాకా యుద్ధం. లిఫ్టు రిపేరు బిల్లు చూపించమని మీటింగులో అడిగితే సెక్రటరీ గారు మొహం మాడ్చుకున్నారు, నమ్మకం లేదా అన్నారు. నమ్మకం ఉన్న చోటే బిల్లు అడుగుతారండీ, మా ఊరి అరుగు మీద చూశాను.

మీరు ప్రశ్న అడిగిన తీరు చూస్తే ఏదో మొదలుపెట్టే ఆలోచన ఉన్నట్టుంది. పది మంది చాలు, వేర్వేరు కుటుంబాల నుంచి ఉండాలి. మొదటి రోజే గ్రాంటు కోసం ప్రాజెక్టు రిపోర్టు రాయకండి. ముందు ఆరు నెలలు మీ డబ్బే కూడబెట్టండి, చిన్నదైనా సరే. లీడరు ఇంటివాళ్ళకు మొదటి అప్పు ఇవ్వకండి. మీటింగు ఎవరి ఇంట్లోనూ వద్దు, ఆ ఇంటివాళ్ళ ముందు నోరు లేవదు. అన్నిటికన్నా ముందు లెక్కలు రాసేవాళ్ళను పెట్టుకోండి, జీతం ఇచ్చి పెట్టుకోండి. సేవాభావంతో ఊరికే రాస్తానని ఎవరైనా ముందుకొస్తే దండం పెట్టి పంపించేయండి. జీతం లేని గుమస్తాను గడువు తప్పితే ఏమీ అనలేం, తప్పు రాస్తే అసలే అనలేం. మా ఊరి అమ్మాయికి మొదట్లో ఇచ్చింది నెలకు రెండొందలే, అయినా రిజిస్టరు ఒక్కరోజు ఆలస్యమైతే ఆడవాళ్ళు ఇంటికెళ్ళి కూర్చునేవాళ్ళు.